‘కాలో పోథీ’: ఒక భాష, రెండు వీధులు

నేపాలీ చలనచిత్రం గురించి తెలుగు పీఠం పత్రికలో వ్యాసం ఎందుకని పాఠకులకు సందేహం కలగడం సహజం. మాకూ మొదట ఆ సందేహం కలిగింది. ఒట్టన్‌చత్రం చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు పలుకుబళ్లు సేకరించే పనిమీద ఉండగా ఒక సాయంకాలం ఈ చిత్రాన్ని చూడడం తటస్థించింది. చూస్తున్నంతసేపూ మా మనసు నేపాల్ కొండల్లో కన్నా పళని దారిలోని పల్లెల్లోనే ఎక్కువగా తిరిగింది. ఎందుకలా జరిగిందో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రం పేరు ‘కాలో పోథీ’. దర్శకుడు మిన్ బహదూర్ భామ్. ఆయన నేపాల్ వాయవ్య ప్రాంతంలోని ముగు జిల్లాలో పుట్టి పెరిగినవాడు. 2015లో వెనిస్ చలనచిత్రోత్సవంలోని విమర్శకుల వారోత్సవ విభాగంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. అక్కడ దీనికి బహుమతి కూడా లభించింది. మరుసటి ఏడు ఆస్కార్ పోటీకి నేపాల్ దీనినే తన అధికారిక చిత్రంగా పంపింది. భామ్ తరువాతి చిత్రం ‘శాంభలా’ 2024లో బెర్లిన్ ఉత్సవపు ప్రధాన పోటీలో నిలిచింది. కనుక ఇది ఎవరికీ తెలియని చిత్రం కాదు. మన దక్షిణాదిలో మాత్రం దీని గురించి జరగవలసినంత చర్చ జరగలేదు.

కథాకాలం 2001. నేపాల్‌లో 1996 ఫిబ్రవరిలో మొదలైన మావోయిస్టుల సాయుధ పోరాటం 2006 నవంబరులో శాంతి ఒప్పందంతో ముగిసింది. ఈ పదేళ్లలో దాదాపు 17,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 2001 జూన్ 1న ఖాట్మండు రాజప్రాసాదంలో రాజకుటుంబం హత్యకు గురైంది. జూలైలో కాల్పుల విరమణ ప్రకటించారు. నవంబరు 23న ఆ విరమణ భగ్నమైంది. వెంటనే అత్యయిక పరిస్థితి విధించి, సైన్యాన్ని పూర్తిస్థాయిలో రంగంలోకి దింపారు. ఈ రెండు ఘట్టాల నడుమ దొరికిన కాస్త ఊపిరి తీసుకొనే వ్యవధిలో కథ నడుస్తుంది.

కథ చిన్నది. ప్రకాశ్, కిరణ్ అని ఇద్దరు బాలురు. ప్రకాశ్ దళితుడు, కిరణ్ అగ్రకులస్థుల బిడ్డ. ఇద్దరూ విడదీయరాని జట్టు. ప్రకాశ్‌కు అక్క ఒక కోడిపెట్టను ఇస్తుంది. దానికి వాళ్లు సినిమాతార పేరు పెట్టుకొంటారు, కరిష్మా అని. గుడ్లు అమ్మి డబ్బు కూడబెట్టాలని వాళ్ల ఆశ. అక్క మావోయిస్టులలో చేరడానికి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. కోడిని తండ్రి అమ్మేస్తాడు. దానిని తిరిగి తెచ్చుకోవడానికి ఇద్దరూ పడే పాట్లే మిగిలిన కథ. ఎవరూ ఆనవాలు పట్టకూడదని ఆ తెల్లకోడికి నల్లరంగు పూస్తారు. ‘కాలో’ అంటే నల్లని, ‘పోథీ’ అంటే పెట్ట. నల్లపెట్ట అన్నమాట. అట్లా వెతుకుతూ వెతుకుతూ ఊరిపొలిమేర దాటి, చివరకు తుపాకుల మధ్యకు చేరుకుంటారు.

పేరు దగ్గర కాస్త ఆగవలసి ఉంది. తెలుగులో పుంజు, పెట్ట అన్నట్లే నేపాలీలో భాలే, పోథీ అంటారు. ఆ భాషలో ఒక నానుడి ఉంది. నలుగురిలో గొంతెత్తి మాట్లాడిన స్త్రీని ‘పోథీ కూసింది’ అని ఎత్తిపొడుస్తారు. కూయవలసింది పుంజేనని, పెట్ట కూయడం అశుభమని భావం. ఈ నానుడి తెలిసిన నేపాలీ ప్రేక్షకునికి పేరు వినగానే మరొక అర్థం స్ఫురిస్తుంది. ఇల్లు విడిచి తుపాకి పట్టిన అక్క కూడా ఆ పేరులోకి వస్తుంది. కోడిని తమ్ముడి చేతిలో పెట్టి తాను కూయడానికి వెళ్లిన పెట్ట ఆమె. మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇటువంటి చోటనే పనికివస్తుంది. చెప్పింది కోడి గురించి, వినిపించింది ఆడపిల్ల గురించి.

కోడికి అక్కడ మరొక చరిత్ర కూడా ఉంది. నేపాల్ కొండప్రాంతాల్లో జంధ్యం ధరించే కులాలవారికి కోడిమాంసం, గుడ్డు పూర్వం నిషిద్ధం. కాలక్రమంలో ఆ కట్టుబాటు సడలింది. అయినా కోడి అన్నది ఆ సమాజంలో కులం అంటని ప్రాణి కాదు. అటువంటి ప్రాణిని ఒక దళిత బాలుడు, ఒక అగ్రకుల బాలుడు కలిసి పెంచుకోవడంలోనే కథకు బీజముంది. దర్శకుడు ఈ విషయాన్ని ఎక్కడా వాచ్యం చేయలేదు. పిల్లలకు అది కోడి, అంతే. పెద్దలకు అది ఎవరి ఇంటిదన్న ప్రశ్న.

ఇక్కడ మా ప్రధాన ప్రతిపాదన చెబుతాము. ఈ చిత్రాన్ని చాలామంది ‘యుద్ధకాలంలో బాల్యం’ అన్న కోవలో చేర్చారు. అది పొరపాటు కాదు గాని, అసంపూర్ణం. చిత్రంలో రెండు యుద్ధాలున్నాయి. ఒకటి ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ మధ్య జరిగేది. దానికి మొదలు ఉంది, విరామం ఉంది, చివరకు సంతకాలతో కూడిన ముగింపూ ఉంది. రెండవది ప్రకాశ్ ఇంటికీ కిరణ్ ఇంటికీ మధ్య ఉన్నది. దానిని ఎవరూ ప్రకటించలేదు, కనుక విరమించేవారూ లేరు. కాల్పుల విరమణ రోజుల్లో ఊరు ఊపిరి పీల్చుకొంటుంది. ప్రకాశ్‌కు మాత్రం ఆ రోజుల్లో కూడా గడప గడపే, దూరం దూరమే. విరామకాలాన్ని కథాకాలంగా ఎన్నుకోవడం వల్ల, తుపాకుల చప్పుడు ఆగినప్పుడు ఏది మిగిలి ఉంటుందో చూపే అవకాశం దర్శకునికి దక్కింది.

కోడికి రంగు పూసే ఘట్టం ఈ దృష్టితో చూస్తే వట్టి కొంటెపని కాదు. రంగు మారితే ఎవరూ గుర్తుపట్టరన్నది పిల్లల తర్కం. కోడి విషయంలో ఆ తర్కం కొంతదూరం నడుస్తుంది. మనిషి విషయంలో నడవదు. ప్రకాశ్ ఏ బట్ట కట్టినా, ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత మంచివాడైనా ఊరు అతణ్ని పోల్చుకొంటుంది. ఎందుకంటే ఊరు చూసేది రంగును కాదు, ఇంటిని.

నేపాల్‌లో 1854 నాటి ‘ములుకీ ఐన్’ అనే శాసనం కులాల హెచ్చుతగ్గులను చట్టంగానే రాసి పెట్టింది. 1963లో వచ్చిన కొత్త శాసనం ఆ భేదాలను తొలగించింది. 2011లో అంటరానితనాన్ని నేరంగా పరిగణించే ప్రత్యేక చట్టం వచ్చింది. మన దేశంలో 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణం ఆ పని ముందే చేసింది. కాగితం మీద రెండు దేశాలకూ పెద్ద తేడా లేదు. నేలమీద కూడా లేదనే చెప్పాలి.

భాషావిషయానికి వస్తే ముగు జిల్లా ఉన్న కర్ణాలీ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. నేటి నేపాలీ భాష పూర్వరూపమైన ‘ఖస్’ భాషకు పుట్టినిల్లు ఆ ప్రాంతమే. జుమ్లాలోని సింజా లోయను ఆ భాష ఉయ్యాలగా చెబుతారు. అక్కడి అగ్రకులాలవారి మాతృభాష ఏదో, కొండప్రాంతపు దళితులైన కామీ, దమాయి, సార్కీ కులాలవారి మాతృభాషా అదే. అంటే ప్రకాశ్, కిరణ్‌లను విడదీసింది భాష కాదు. ఇద్దరూ ఒకే భాషలో పుట్టారు, ఒకే భాషలో ఆడుకొన్నారు.

ఈ మాట మమ్మల్ని సరాసరి ఒట్టన్‌చత్రానికి తెచ్చి దింపింది. దిండిగల్లు జిల్లా 1985లో ఏర్పడడానికి ముందు ఇది మదుర జిల్లాలోనిదే. మదుర, కోయంబత్తూరు సీమల్లోని తెలుగువారి గురించి మన పండితులు రాసినప్పుడు సాధారణంగా విజయనగర కాలపు వలసలు, నాయకరాజులు, కమ్మవారు, రెడ్లు, బలిజలు, కంబళత్తు నాయకులు, దేవాంగులు కనిపిస్తారు. శతాబ్దాలుగా తమిళసీమలో తెలుగును నిలుపుకొన్న ఘనత వారికి చెందుతుంది. నిజమే. కాని ఇవే పల్లెల్లో, ఊరికి కాస్త ఎడంగా ఉన్న కాలనీల్లో అరుంధతీయులున్నారు. వారిలో చాలామంది ఇంట మాట్లాడేదీ తెలుగే. వారూ అంతే కాలంగా దానిని నిలుపుకొన్నారు. బడిలో తెలుగు లేదు, పుస్తకం లేదు, పెద్దల మన్నన లేదు. అయినా నిలుపుకొన్నారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతం రిజర్వేషన్లలో 3 శాతం వారికి ప్రత్యేకించింది. ఇటువంటి వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రభుత్వమూ న్యాయస్థానమూ వారిని విడిగా గుర్తించాయి. తెలుగు పరిశోధన గుర్తించిందా?

మా సంగతే చెబుతాము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయపదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మా తరానికి మార్గదర్శకం. వృత్తి చేసేవాని నోటనే ఆ వృత్తి మాట వినాలన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రాన్ని మేము తరగతిలో ఎన్నోమార్లు బోధించాము. కాని ఈ ప్రాంతంలో మా మొదటి పదసేకరణ పుస్తకాలను ఇటీవల తిరగవేస్తే, కపిలె బావికి సంబంధించిన మాటలన్నీ పొలం ఉన్న ఆసామి చెప్పినవే. నీళ్లు తోడే తోలుబానను, దాని తోలుతొండాన్ని కుట్టినవారు ఎవరు? అరుంధతీయులు. వారి చేతి కుట్టు లేనిదే ఆ రోజుల్లో పొలానికి నీరు లేదు. వారిని మేము అడగలేదు. పెద్దవీధి వసారాలో కూర్చొని, మజ్జిగ తాగి, అక్కడ దొరికినదాన్ని ‘ఒట్టన్‌చత్రం తెలుగు’ అని రాసుకొని వచ్చాము. తోలు కుట్టినవాడు తాగేనీటి బావి ఒరను తాకకూడదన్న కట్టుబాటు మా పదపట్టికలోకీ వచ్చి కూర్చుందన్నమాట.

ఇంకొక విషయం చెప్పక తప్పదు. నేపాలీలో మధ్యమపురుషకు ‘తఁ’, ‘తిమి’, ‘తపాయి’ అని మూడు మెట్లున్నాయి. వాటిపైన ‘హజుర్’ ఒకటి. ఏ ఇద్దరు ఏ మెట్టు మీద నిలిచి మాట్లాడుకొంటున్నారో వింటే వారి నడుమ ఉన్న సంబంధం తెలిసిపోతుంది. తెలుగులో నువ్వు, మీరు అన్న రెండే ఉన్నాయని వ్యాకరణాలు చెబుతాయి. మా పల్లెల్లో మూడవది ఒకటుంది. అది సర్వనామం కాదు గనుక వ్యాకరణానికి ఎక్కలేదు. ‘సామీ’ అన్న పిలుపు అది.

మా బాల్యంలో కాలనీ నుంచి వచ్చే ఒక స్నేహితుడుండేవాడు. కపిలె బానలు కుట్టిన వృద్ధుని మనుమడు. మాకంటే ఒక ఏడు పెద్ద. మేకల వెంట తిరిగాము, చింతకాయలు రాల్చుకొన్నాము. ఈత నేర్చుకొన్నది వానకు నిండిన చెరువులోనే, బావిలో కాదు. బావిలో వాడు దిగరాదని మాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ చెప్పనవసరం లేకపోయిందేమో. అప్పట్లో వాడు మమ్మల్ని ‘ఏమిరా’ అనేవాడు, మేమూ ‘ఏమిరా’ అనేవాళ్లం. ఆరవ తరగతికి మేము పట్నం బడికి వెళ్లాము. వాడు కూరగాయల సంతలో మూటలు మోయడానికి వెళ్లాడు. కేరళకు లారీలు కదిలే ఆ ఒట్టన్‌చత్రం సంతలోనే, రెండు మూడేళ్ల తరువాత మునగకాయల కట్టల మధ్య వాడు ఎదురయ్యాడు. ‘బాగుండావా సామీ’ అన్నాడు. మేము మాత్రం ‘ఏమిరా, ఎట్లుండావు’ అన్నాము. వాడు మెట్టు దిగాడు, మేము ఉన్నచోటనే ఉన్నాము. భాషాశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొన్నాక కూడా ఆ రెండు వాక్యాల మధ్య జరిగినదేమిటో మేము ఆలోచించలేదు. ఒక నేపాలీ చిత్రం చూశాక గాని ఆలోచన రాలేదు.

స్నేహం తెగిపోయిన రోజు ఏదని అడిగితే చాలామంది తగవునో, దూరాన్నో చెబుతారు. మా ఉదాహరణలో అది ఒక పిలుపు మారిన రోజు. ప్రకాశ్, కిరణ్‌ల కథలో దర్శకుడు మనల్ని ఆ రోజుకు కాస్త ముందు నిలబెడతాడు. ఇంకా పిలుపు మారలేదు. మారుతుందని మాత్రం మనకు తెలుసు, ఆ పిల్లలకు తెలియదు. చిత్రంలోని దుఃఖమంతా ఈ తెలియడం, తెలియకపోవడాల మధ్య ఉంది.

శిల్పం గురించి కొంత. ఛాయాగ్రాహకుడు కజక్‌స్తాన్‌కు చెందిన అజీజ్ జంబకియెవ్. చిత్రీకరణలో తొందర లేదు. కొండల అందం చూపి కథను మరపించే ప్రయత్నమూ లేదు. పిల్లలు నటిస్తున్నారన్న భావన ఎక్కడా కలగదు. లోపాలూ లేకపోలేదు. స్వప్నదృశ్యాలు కొన్ని కథలో ఒదగలేదు. మెలకువలో అంత స్పష్టంగా చెప్పగలిగినదాన్ని కలలో మళ్లీ చెప్పనవసరం లేదు. అక్క పాత్ర ఇల్లు దాటాక ఆమె లోకం మనకు చాలినంత తెలియదు. పేరులోనే ఆమెకు అంత చోటు ఇచ్చి, కథలో కొంత తగ్గించారనిపిస్తుంది.

అదే 2015లో తమిళంలో మణికందన్ తీసిన ‘కాక్కా ముట్టై’ విడుదలైంది. మా ప్రాంతంవారు చాలామంది చూసిన చిత్రమది. అక్కడా ఇద్దరు పిల్లలే, ఒక వస్తువు కోసం ఆరాటమే. చెన్నై మురికివాడ అన్నదమ్ములకు పిజ్జా కావాలి. వారికి అడ్డం పేదరికం. అది ఇద్దరికీ ఒక్కటే గనుక వారి జంట విడిపోతుందన్న భయం మనకు ఉండదు. ‘కాలో పోథీ’లో అడ్డం ఇద్దరి బయట మాత్రమే లేదు, ఇద్దరి నడుమ కూడా ఉంది. తెలుగులో 1980లో వచ్చిన గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ తెలంగాణ సాయుధ పోరాటాన్ని చిత్రించిన గొప్ప ప్రయత్నం. అక్కడ కథానాయకుడు పెరిగి పోరాటంలోకి నడుస్తాడు, అన్యాయాన్ని గ్రహిస్తాడు. ఇక్కడి పిల్లలకు గ్రహించే వయసు రాకముందే కథ ముగుస్తుంది. గ్రహించవలసిన బాధ్యత ప్రేక్షకునిదే అవుతుంది.

చిత్రం ముగిసిన తరువాత ఆ దేశంలో జరిగిన రెండు సంగతులు పాఠకులకు తెలియాలి. శాంతి ఒప్పందం తరువాత ఐక్యరాజ్యసమితి పర్యవేక్షకులు మావోయిస్టు సైన్యాన్ని పరిశీలించి 19,602 మందిని యోధులుగా ధ్రువీకరించారు. అనర్హులుగా తేల్చి పంపించివేసిన 4,008 మందిలో 2,973 మంది మైనరు వయసువారు. కోడిని వెతుక్కొనే వయసువారు కాకపోయినా, దానికి పెద్ద దూరంలో లేనివారు. రెండవది 2020 మే 23న జరిగింది. ముగు ఉన్న కర్ణాలీ రాష్ట్రంలోనే పశ్చిమ రుకుం జిల్లాలో ఒక దళిత యువకుడు, ప్రేమించిన అగ్రకుల యువతి కోసం మిత్రులను వెంటబెట్టుకొని ఆమె ఊరికి వెళ్లాడు. ఊరివారు దాడి చేసి తరిమారు. ఆరుగురు యువకులు మరణించారు. వారిలో దళితులు కాని మిత్రులూ ఉన్నారు. తుపాకులు మౌనం వహించి అప్పటికి పద్నాలుగేళ్లు. రెండవ యుద్ధం విరమించలేదని మేము అన్నది అలంకారం కోసం కాదు. కిరణ్‌లాంటివారు పెరిగి పెద్దవారై ప్రకాశ్‌లాంటివారి పక్కన నిలిచినా ఏమి జరగగలదో కూడా ఆ రోజు తెలిసింది. నిలిచారన్నదీ మరువరాదు.

మేము చిత్రాన్ని చూసిన సాయంకాలం సంగతి చెప్పి ముగిస్తాము. పెద్దవీధిలో ఒక మిత్రుని ఇంటి వసారా గోడమీద తెర కట్టి ప్రదర్శించాము. ఆంగ్లంలో ఉన్న ఉపశీర్షికలను మేము అక్కడి తెలుగులో చెబుతూ వచ్చాము. కాలనీవారినీ పిలిచాము, వచ్చారు. వసారా మీద చాపలు ఖాళీగా ఉన్నా వారు వాకిట్లోనే కూర్చున్నారు. రమ్మని మేము ఒకమారు అన్నాము. రెండవమారు అనలేదు. చిత్రం అయిపోయాక వాకిట్లోంచి ఒక వృద్ధురాలు అడిగింది: ‘కడకు ఆ కోడి ఎవరిదయింది సామీ?’ మేము చాలాసేపు జవాబు వెతుక్కొన్నాము. వసారాలో ఉన్నవారెవరూ ఆ ప్రశ్న అడగలేదన్నది ఇంటికి వచ్చాక తోచింది.

మరునాడు మేము పదపుస్తకం పట్టుకొని కాలనీకి వెళ్లాము. బాన కుట్టిన చేతులు ఇప్పుడు అక్కడ ఎక్కువ లేవు. మిగిలిన ఇద్దరు ముగ్గురు వృద్ధుల దగ్గర మాకు అంతవరకు తెలియని మాటలు దొరికాయి. ఇకమీదట ఈ పీఠం ప్రకటించే పదపట్టికల్లో ఊరి పేరుతోబాటు ఏ వీధిలో, ఎవరి నోట విన్నామో కూడా రాయాలని నిర్ణయించాము. పాత పట్టికలకు ‘పెద్దవీధి మాటలు’ అని దిద్దుబాటు చేర్చుతున్నాము. ఆ చిత్రానికి మేము తీర్చుకోగలిగిన ఋణం ప్రస్తుతానికి ఇంతే.